లడ్డూ తింటే అల్లరెక్కువా?

మీ ఇంట్లో రోలుందా అండీ? ఉంటే ఇప్పుడది ఏం చేస్తోంది? చాలా ఇళ్ళలో లాగే పెరట్లో వాననీళ్ళు పట్టుకుని పిచ్చుకలకి దాహం తీరుస్తూ ఉండి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం పోయిన వేసవి దాకా దానికి రోజూ చాకిరీయే. దానితో పాటు నాకూను. కారణం మావారు. మిక్సీలో వేసిన పచ్చడి ఆయనకి గొంతు దిగదు. "నోట్లో పెట్టుకోగానే చెప్పేస్తాను, ఇది రోటిదో మిక్సీదో" అని ముప్ఫై అయిదేళ్ళుగా అంటున్నారు. మణికట్టు లాగేస్తున్నా నేనూ ముప్ఫై అయిదేళ్ళుగా నూరుతూనే ఉన్నాను. ఆయనకి నిజంగా తేడా తెలుస్తుందా లేదా అని ఒక్కరోజైనా పరీక్ష పెట్టి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు.

అది వచ్చింది మా అమ్మాయికి. పెళ్ళయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక అది సైకాలజీ ఎమ్మేకి కట్టింది. పోయిన వేసవిలో పుస్తకాల సంచీతో సహా పుట్టింటికొచ్చింది. సైకాలజీ అనగానే మా ఎదురింటావిడ వచ్చి దాని ముందు చెయ్యి చాపేసింది, జాతకం చెబుతుందనుకుని! "మనసులో ఏముందో చెప్పే విద్య కాదు పిన్నిగారూ, మనుషుల నడవడిని కొలిచి చూసే విద్య" అంది మా అమ్మాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ అనే ఆయన 1879 లో ఈ శాస్త్రానికి ప్రయోగశాల పెట్టాడట. మన దేశంలో 1916 లోనే కలకత్తా విశ్వవిద్యాలయంలో దీనికో శాఖ వచ్చిందట. ఆవిడ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, "అయితే ఏం లాభం?" అని వెళ్ళిపోయింది.

లాభమేమిటో నాకు తెలియడానికి రెండు పరీక్షలు పట్టింది. మొదటిది నవ్వులాట. రెండోది నవ్వులాట కాదు. రెండూ మీకు చెబుతాను.

ఎనిమిది ముద్దలు

ఓ ఆదివారం మా అమ్మాయి గోంగూర ఒకేసారి వేయించింది. ఒకే మిరపకాయలు, ఒకే ఉప్పు, ఒకే తిరగమోత. సగం నేను రోట్లో నూరాను, సగం అది మిక్సీలో ఆపి ఆపి తిప్పింది. మిక్సీ గిన్నె వేడికి పచ్చడి వెచ్చబడుతుందని రెండింటినీ గంటసేపు పక్కన పెట్టింది. "రుచి గురించి అడుగుతుంటే వేడిని బట్టి చెప్పేస్తే ఎలాగమ్మా? మనం చూడాలనుకున్న తేడా ఒక్కటే మిగలాలి, తక్కినవన్నీ సమానంగా ఉండాలి" అంది.

ఎనిమిది చిన్న అన్నం ముద్దలు. నాలుగు రోటివి, నాలుగు మిక్సీవి. ఏది ముందు, ఏది వెనక అన్నది చీటీలు తీసి నిర్ణయించింది. ఎందుకంటే మనం మన ఇష్టప్రకారం వరస పెడితే అందులో తెలియకుండానే ఓ పద్ధతి దూరిపోతుందిట. మావారి కళ్ళకి తువ్వాలు కట్టాం. పెట్టే మనిషిని నేను. నాకు కూడా ఏ ముద్ద ఏదో చెప్పలేదు. "నీకు తెలిస్తే నాన్నకి నీ చేతిలోనో గొంతులోనో తెలిసిపోతుంది" అని.

ఈ పద్ధతి దాని సొంతం కాదండోయ్. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920 లలో రొనాల్డ్ ఫిషర్ అనే గణితశాస్త్రవేత్త పనిచేసేవాడు. అక్కడే మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త కూడా ఉండేది. కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది తాగి చెప్పేయగలనని ఆవిడ అన్నదట. చూద్దాం రమ్మన్నారు. ఫిషర్ 1935 లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఇలాంటి పరీక్షనే తీసుకుని ఎనిమిది కప్పులతో ప్రయోగం ఎలా చేయాలో వివరించాడు. పంటల మీద, మందుల మీద, మనుషుల మీద ఇవాళ జరిగే ప్రయోగాలకి ఆ పుస్తకం ఓ పునాదిరాయి అంటారు. చూశారా, ఒక ఆడమనిషి తాగిన టీ ఎంత దూరం వెళ్ళిందో!

ఎనిమిదే ఎందుకంటే, ఎనిమిదింటిలోంచి నాలుగింటిని ఎంచుకోవడానికి 70 దారులున్నాయి. అందులో పూర్తిగా సరైనది ఒక్కటే. అంటే ఏమీ తెలియని మనిషి గాలిలో రాయి విసిరి నాలుగూ సరిగ్గా చెప్పే అవకాశం 70 లో ఒకటి. అలా చెబితే మాత్రం "ఇది అదృష్టం కాదు, ఈయనకి నిజంగానే తెలుస్తోంది" అని ఒప్పుకోవచ్చు.

మావారు రోటివి అన్న నాలుగింటిలో మూడు సరిపోయాయి, ఒకటి మిక్సీది. ఆయన మీసం మెలేశారు. మా అమ్మాయి కాగితం మీద లెక్కేసి, "నాన్నా, ఏమీ తెలియకపోయినా మూడో నాలుగో సరిపోయే అవకాశం 70 లో 17. ఇంచుమించు నాలుగుసార్లకి ఒకసారి. కనక నువ్వు గెలవలేదు, ఓడలేదు కూడా. ఇంకా తెలియదు అన్నదే జవాబు" అంది.

ఇంకా తెలియదు! నా ముప్ఫై అయిదేళ్ళ సంసారంలో ఈ మాట మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. అత్తగారు అనలేదు, మావారు అనలేదు, నేనూ అనలేదు. అందరికీ అన్నీ తెలుసు మరి. మర్నాటి నుంచీ వారానికి నాలుగు రోజులు మిక్సీ పచ్చడే అని మాత్రం నేను చెప్పేశాను. తెలియని తేడా కోసం తెలిసిన నొప్పి ఎందుకు పడాలి చెప్పండి?

అసలు సంగతి

ఇక రెండోది. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా మన ఆడవాళ్ళ మధ్య దాపరికమేముంది?

మా అబ్బాయి కొడుక్కి ఏడేళ్ళు నిండాయి. వాళ్ళు హైదరాబాదులో ఉంటారు. వేసవి సెలవులకి వాడూ, వాళ్ళక్కా మా దగ్గరకొస్తారు. వాడి నాలుగో పుట్టినరోజున కేకు తిని, ఆపైన రెండు లడ్డూలు తిని, ఇల్లంతా పరుగులు పెట్టి షోకేసు అద్దం పగలగొట్టాడు. అప్పుడు నేనన్న మాట, "తీపి తింటే వీడికి పూనకం వస్తుంది." ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. ఎప్పుడు తీపి తిని గెంతినా "చూశారా!" అన్నాను. తిని బుద్ధిగా నిద్రపోయిన రోజుల్ని ఎవరూ చూడలేదు, నేనసలే చూడలేదు. ఫోనులో కోడలికి చెప్పి వాడికి తీపి మాన్పించాను. ఆ పిల్ల నెమ్మదస్తురాలు, "సరేనండీ అత్తయ్యగారూ" అంది.

పోయిన మాఘమాసంలో మా బంధువుల గృహప్రవేశం. పంక్తిలో పిల్లలందరి ఆకుల్లోనూ లడ్డూ వేశారు. వీడి ఆకులోది నేను తీసేశాను. భోజనాలయ్యాక చూద్దును కదా, వాడి నిక్కరు జేబు నెయ్యితో తడిసి ఉంది. లోపల నలిగిన లడ్డూ. "తీశావా?" అంటే "లేదు" అన్నాడు. నలుగురిలో చెంప మీద ఒకటి వేశాను. "దొంగ" అని కూడా అన్నాను. వాడు ఏడవలేదండీ. అదే నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. కోడలు వచ్చి మాట్లాడకుండా వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. తరవాత వేసవిలో వచ్చినప్పుడు వాడు నా పక్కలో పడుకోనన్నాడు.

ఇదంతా మా అమ్మాయికి తెలుసు. ఓ రాత్రి డాబా మీద పక్కలు వేస్తూ, "అమ్మా, తీపికీ వాడి అల్లరికీ సంబంధం ఉందని నీకెలా తెలుసు?" అంది.

"నా కళ్ళతో చూశాను కాబట్టి" అన్నాను.

"మామిడిపళ్ళు వచ్చే నెలల్లోనే మనకి కరెంటు బిల్లు ఎక్కువొస్తుంది. అదీ నీ కళ్ళతోనే చూస్తున్నావు. మామిడిపళ్ళు కరెంటు తింటున్నాయా?"

నాకు నవ్వొచ్చింది. ఎండాకాలం కదా, పళ్ళూ అప్పుడే వస్తాయి, ఫ్యాన్లూ అప్పుడే తిరుగుతాయి. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు, వెనకాల మూడోది ఉండొచ్చు. సహసంబంధం వేరు, కార్యకారణ సంబంధం వేరు అని వాళ్ళ పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుందట. "వాడు తీపి తినేది ఎప్పుడు? పండగలకీ పెళ్ళిళ్ళకీ. ఆ రోజు ఇంటినిండా పిల్లలు, బడి లేదు, మధ్యాహ్నం నిద్ర లేదు, రాత్రి పదకొండు దాకా మేలుకుని ఉంటాడు. అల్లరి లడ్డూదా, వీటన్నిటిదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అయినా తల్లిని కదా, ఒప్పుకోలేదు. అప్పుడది ఓ పాత పరిశోధన సంగతి చెప్పింది. వినండి, మనబోటి తల్లుల గురించే.

1994 లో అమెరికాలో హూవర్, మిలిచ్ అనే ఇద్దరు పరిశోధకులు "మా వాడికి తీపి పడదు, రెచ్చిపోతాడు" అనే తల్లుల్ని పిలిచారు. అయిదు నుంచి ఏడేళ్ళ లోపు మగపిల్లలు 35 మంది. సగంమంది తల్లులతో "మీవాడికి పంచదార బాగా దట్టించాం" అన్నారు. తక్కిన సగంతో "పంచదార లేనిదే ఇచ్చాం" అన్నారు. నిజానికి ఏ పిల్లాడికీ పంచదార ఇవ్వలేదు. అందరికీ ఇచ్చింది తియ్యగా ఉండే వేరే పదార్థమే. అయినా పంచదార పడిందనుకున్న తల్లులు తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేశారని మార్కులు వేశారు. అంతేకాదు, వీడియో తీసి చూస్తే ఆ తల్లులే పిల్లాడికి మరీ దగ్గరగా మసిలారు, ఎక్కువ తప్పులు పట్టారు.

అదే సంవత్సరం వోల్‌రైచ్ అనే పిల్లల వైద్యుడి బృందం మరో ప్రయోగం చేసింది. 48 మంది పిల్లలు. వాళ్ళలో 23 మంది తీపి పడదని తల్లిదండ్రులు చెప్పినవాళ్ళే. తొమ్మిది వారాలపాటు మూడేసి వారాలకి ఒక రకం ఆహారం. ఒక దాంట్లో పంచదార ఎక్కువ, తక్కిన రెండిట్లో పంచదార బదులు కృత్రిమ తీపి. ఏ వారాల్లో ఏది తింటున్నారో పిల్లలకీ తెలియదు, ఇంట్లోవాళ్ళకీ తెలియదు. చివరికి పిల్లల నడవడిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 1995 లో అప్పటిదాకా జరిగిన ఇలాంటి 23 ప్రయోగాల్ని కలిపి చూసినా పంచదార పిల్లల నడవడిని మారుస్తుందని తేలలేదు. ఏ కొద్దిమందిలోనో కొంచెం ప్రభావం ఉండొచ్చేమో, అది లేదని మాత్రం గట్టిగా చెప్పలేం అని కూడా రాశారట.

"అది అమెరికా. మనవాడు మనవాడే" అన్నాను.

"అయితే మనవాడినే చూద్దాం" అంది.

సీసాలో చీటీలు

ముందు మా అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను తికమక పెట్టింది. "అల్లరంటే ఏమిటమ్మా?" అల్లరంటే అల్లరే కదండీ! కానీ అలా అంటే కుదరదట. నాకు అల్లరి అనిపించింది నీకు హుషారు అనిపించొచ్చు. ఇద్దరం చూసినా ఒకే అంకె రావాలంటే లెక్కపెట్టగలిగే పని కావాలి. చివరికి మూడు ఒప్పుకున్నాం. సోఫా మీద నుంచి గెంతడం, అక్కని తొయ్యడమో కొట్టడమో, పేరు పెట్టి పిలిస్తే పది లెక్కపెట్టేలోపు పలక్కపోవడం. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఈ మూడూ ఎన్నిసార్లో నేను గీతలు పెట్టాలి. ఆఖర్న "నాకు అనిపించిన అల్లరి" అని పదికి ఓ మార్కు వెయ్యాలి.

ఓ ఖాళీ సీసాలో పదహారు చీటీలు. ఎనిమిదింటి మీద "తీపి", ఎనిమిదింటి మీద "కారం". రోజూ మూడున్నరకి మా అమ్మాయి మేడమీద గదిలో ఒక చీటీ తీస్తుంది. తీపి అయితే లడ్డూ, కారం అయితే జంతికలు. తిన్నాక నోరూ చేతులూ కడిగించి కిందికి పంపుతుంది. ఏం తిన్నాడో నాకు చెప్పకూడదు. వాడు దిగి రాగానే "ఈరోజు తీపి తిన్నాడా, కారమా" అన్నది నేను ఊహించి ముందే పుస్తకంలో రాసేయాలి. తరవాతే గీతలు.

నాకెందుకు చెప్పకూడదంటే, దానికో గుర్రం కథ చెప్పింది. నూట ఇరవై ఏళ్ళ కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసేదట. ఎంత కూడితే అన్నిసార్లు గిట్ట కొట్టేది. 1904 లో పెద్దలందరూ వచ్చి చూసి మోసమేమీ లేదన్నారు. 1907 లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే ఆయన గుట్టు విప్పాడు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు! సరైన అంకె రాగానే అడిగినవాడి తల, ముఖం తెలియకుండానే కాస్త కదిలేవి. గుర్రం అది చూసి గిట్ట ఆపేది. గుర్రానికే మన ముఖం అంత తెలిస్తే, ఏడేళ్ళ పిల్లాడికి నాన్నమ్మ ముఖం తెలియదా?

ఇంకో మెలిక ఉంది. "వాడిని అడగాలి" అంది మా అమ్మాయి. "ఏడేళ్ళ వెధవని అడిగేదేమిటే?" అన్నాను. అది కోపంగా చూసింది. 1920 లో అమెరికాలో వాట్సన్ అనే పెద్ద పేరున్న శాస్త్రవేత్త ఏడాదైనా నిండని ఓ పసివాడి ముందు తెల్ల ఎలుకని పెట్టి, వాడు ముట్టుకోబోతే వెనకనుంచి ఇనుపకడ్డీ మీద సుత్తితో దడేలుమని కొట్టేవాడట. ఎలుక అంటేనే భయం పుట్టించొచ్చని చూపడానికి. పుట్టించాడు. ఆ భయాన్ని తిరిగి పోగొట్టకుండానే వదిలేశారు. ఇప్పుడలా చేస్తే ఊరుకోరు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లలనైతే తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సమ్మతి కూడా అడగాలట.

హైదరాబాదుకి ఫోను చేసింది. కోడలు కాసేపు మాట్లాడలేదు. తరవాత "అత్తయ్యగారు దీనికి ఒప్పుకున్నారా?" అంది. ఆ ఒక్క మాటలో నాకు చాలా వినబడింది. వాడిని అడిగితే, "నాన్నమ్మ కొట్టకపోతే సరే" అన్నాడు.

పుస్తకం చెప్పిన మాట

పదహారు రోజులు గడిచాయి. పదిహేడో రోజు మధ్యాహ్నం వంటింటి గట్టు మీద నా పుస్తకం, దాని పుస్తకం పక్కపక్కన పెట్టి కూర్చున్నాం. నా గుండె దడదడలాడింది, పరీక్షా ఫలితాలొస్తున్నట్టు.

గీతలు కూడితే తీపి రోజుల్లోనూ కారం రోజుల్లోనూ ఇంచుమించు సమానం. రెండు మూడు గీతలు కారం వైపే ఎక్కువ. నా ఊహలా? పదహారింటిలో తొమ్మిది ఒప్పు. బొమ్మా బొరుసూ వేసినా అన్ని వస్తాయి.

కానీ పదికి వేసిన మార్కులున్నాయే, అవి చూసి నేను నోరు మూసుకున్నాను. తీపి తిన్నాడని నేను అనుకున్న రోజుల్లో ఏడు, ఎనిమిది. కారం తిన్నాడనుకున్న రోజుల్లో నాలుగు, అయిదు. గీతలు మాత్రం రెండువైపులా ఒకటే. అంటే నా చేత్తో నేనే పెట్టిన గీతలు ఒక మాట చెబుతుంటే, నా మనసు వేసిన మార్కు ఇంకో మాట చెప్పింది.

అప్పుడు మా అమ్మాయి ఇంకో కాగితం తీసింది. "నీకు చెప్పకుండా నేనో లెక్క పెట్టానమ్మా. ముందే చెబితే లెక్క పాడవుతుందని చెప్పలేదు. అది నిన్ను మోసం చేసినట్టే, అందుకే ఇప్పుడు చెప్పేస్తున్నాను. వద్దంటే చూడకుండా చింపేస్తాను" అంది. ఏమిటన్నాను. "నువ్వు వాడిని ఎన్నిసార్లు కసిరావో."

చింపెయ్యమందామనుకున్నాను. చూశాను. తీపి తిన్నాడని నేను రాసిన రోజుల్లో వాడిని కసిరింది ఎక్కువ. కొన్ని రోజులు రెట్టింపు. ఆ రోజుల్లో కొన్నిట్లో వాడు తిన్నది జంతికలే.

గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. గృహప్రవేశం గుర్తొచ్చింది. వాడు ఏడవని ముఖం గుర్తొచ్చింది.

"ఇదే రుజువనుకోకు" అంది మా అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని. "ఒక్క పిల్లాడు, పదహారు రోజులు, రోజుకో లడ్డూ. ఇది శాస్త్రం కాదు, శాస్త్రం నేర్పిన జాగ్రత్త." అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం కదా. కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అది చెల్లుతుంది. మనుషులందరూ ఒకే కుండలో ఉడకలేదు. అందుకే ఎక్కువమందిని, రకరకాలవాళ్ళని చూడాలి, ఇంకొకరు మళ్ళీ చేసి చూడాలి. 2015 లో సైకాలజీలో అచ్చయిన 100 పరిశోధనల్ని మళ్ళీ చేసి చూస్తే సగంకన్నా తక్కువ వాటిలోనే ఫలితం మళ్ళీ గట్టిగా నిలబడిందట! "మరి అలాంటి శాస్త్రాన్ని నమ్మేదెలా?" అన్నాను. "తన తప్పుని తనే వెతుక్కుని అచ్చేసుకుంది కదమ్మా. మనింట్లో ఎవరైనా ఆ పని చేశారా?" అంది. నాకు తగలాల్సిన చోటే తగిలింది.

అక్కయ్యలూ చెల్లెళ్ళూ, ఇదంతా చదివి పిల్లలకి డబ్బాలకొద్దీ మిఠాయిలు పెట్టేయకండి. పళ్ళు పుచ్చడం నిజం, ఒళ్ళు చేయడం నిజం. డాక్టరు తీపి వద్దన్న పిల్లల సంగతి వేరే. పిల్లాడి అల్లరి మరీ చెయ్యి దాటుతుంటే పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించండి. నేను చెప్పేది ఒకటే. "పెద్దకోడలి చెయ్యి పడితే పాలు విరుగుతాయి", "చిన్నదానికి లెక్కలు రావు", "ఆ పిల్ల ఎదురొస్తే పని కాదు" అని మనం ఇళ్ళలో తీర్పులు చెబుతుంటాం. చెప్పేముందు ఓ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. నేను దేన్ని చూసి అంటున్నాను, దాన్ని లెక్కపెట్టగలనా? అలా జరగని రోజుల్ని కూడా లెక్కలో వేశానా? వెనకాల మూడో కారణం ఏదైనా ఉందా? నాకు ముందే తెలియకపోయి ఉంటే కూడా ఇలాగే కనబడేదా? ఇందులో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా "ఇంకా తెలియదు" అనేద్దాం. ఆ మాట అన్నందుకు ఎవరి పరువూ పోదు. అనకపోతే మాత్రం ఓ పిల్లాడి చెంప వాయవచ్చు.

ఆ సాయంత్రం వాడిని పిలిచాను. పది లెక్కపెట్టేలోపే వచ్చాడు, కాస్త దూరంగా నిలబడ్డాడు. "నాన్నా, ఆరోజు నిన్ను కొట్టాను, దొంగ అన్నాను. తప్పు నాదేరా" అన్నాను. ఇంతవరకూ ఈ ఇంట్లో చిన్నవాళ్ళకి పెద్దవాళ్ళు ఆ మాట చెప్పిన గుర్తు లేదు. వాడికి ఏమనాలో తెలియలేదు. సోఫా అంచు గోకుతూ కాసేపు ఆలోచించాడు.

"అయితే నాన్నమ్మా, ఇంక మేడమీదకెళ్ళి తినక్కర్లేదా? నీ ముందే తినొచ్చా?"

డబ్బాలో ఒక్క లడ్డూ మిగిలి ఉంది. తెచ్చి చేతిలో పెట్టాను. వాడు సగం విరిచి నాకిచ్చాడు. తినేసి సోఫా మీద నుంచి గెంతాడు. పక్కనే పుస్తకం, పెన్సిలూ ఉన్నాయి. గీత పెట్టలేదు.